ఆటో స్టార్టరు ఆట

2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు ఇచ్చిన పిమ్మట కూడ, ఓరుగల్లు పల్లెలలో కరెంటు వంతులవారీగానే, తరచు అర్ధరాత్రి వేళ, వచ్చుచుండెను. మోటారు వేయుటకు పోయి పాముకాటునకు లోనైన రైతులు కలరు. కరెంటు రాగానే మోటారును తనంత తానే నడిపించు పెట్టె ఆటో స్టార్టరు. దానిని పెట్టుకొనుటలో రైతు తప్పేమి కలదు?

ఒక్కరు పెట్టుకొన్నచో ఏమియు లేదు. కాని మోటారు బయలుదేరునప్పుడు మామూలుకంటె అనేక రెట్లు కరెంటును గుంజును. ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒకే క్షణమున లేచినచో ఓల్టేజి పడిపోవును. మోటార్లు కాలును, ట్రాన్స్‌ఫార్మరును కాలును. ఇది రైతులకు తెలియనిది కాదు. అయినను నా పెట్టె నేను తీసివేసినచో, పొరుగువాని మోటారు ముందు లేచి నీరు తోడును; నా మడి ఎండును. ఎవరి లెక్క వారికి సరియైనదే!

ఇట్టి చిక్కులకు 1950లో అమెరికా గణితవేత్త జాన్ నాష్ ఒక రూపమిచ్చెను. తక్కినవారు మారనిచో తానొక్కడు మారి లాభపడలేని స్థితి అది. అందరికిని మేలైన స్థితి కానక్కరలేదు.

విచిత్రమేమనగా, తీగ లేని చోటను ఇదే ఆట కలదు. నేల తేమను కొలిచి రేడియో తరంగములపై తెలుపు చిన్న పరికరములను సెన్సర్లందురు. వాని ప్రాణము ఒక చిన్న బ్యాటరీ. ప్రతిదియు తన మేలే చూచుకొన్నచో, పొరుగుదాని సద్దులో తన మాట మునుగునని శక్తిని పెంచును. పొరుగుది మరింత పెంచును. స్టూడియోలో ఇద్దరు వక్తలు ఒక్కసారి మాటలాడినప్పుడు మేము పడు బాధయే ఇది. బ్యాటరీ మాత్రము తీరిపోవును. 2000లో గుడ్‌మన్, మండయం అను శాస్త్రజ్ఞులు సెల్‌ఫోన్ల విషయమున దీనిని నిరూపించిరి: అందరును కొంచెము తగ్గినచో అందరికిని లాభమే. వాడిన శక్తికి పరికరపు లెక్కలోనే ఒక సుంకము పెట్టినచో అవి తగ్గును. తరువాత సెన్సర్ల వారును ఈ త్రోవ పట్టిరి.

మన పొలములలో సుంకము మాట అటుండగా, చాల బావులకు మీటరే లేదు. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభించినప్పుడు, ఆటో స్టార్టర్లను తీసివేయుడని ప్రభుత్వము రైతులను కోరెను. కోరుటకంటె గడియల కరవు తీరుటయే ఎక్కువ పని చేయునని నా తలంపు. ముందు లేవవలసిన తొందర తగ్గును గదా. కాని పెట్టె తీయని బావిపై మోటారు రేయింబవళ్లు నడచును. రాతినేల పొరలలోని ఆ నీరు పొరుగు బావిది కూడ.