పాత రికార్డుల్లోంచి పుట్టిన కొత్త పాట

1989 మార్చిలో న్యూయార్క్ సంస్థ టామీ బాయ్ రికార్డ్స్ 'త్రీ ఫీట్ హై అండ్ రైజింగ్' అనే ఆల్బమ్ విడుదల చేసింది. డి లా సోల్ అనే ముగ్గురు కుర్రాళ్ళ బృందానికి అదే మొదటిది. అట్ట మీద డెయిజీ పూలు, మిరుమిట్లు గొలిపే రంగులు. లోపల ర్యాప్ పక్కనే జాజ్, సోల్, ఫంక్, పాప్, మధ్యమధ్య ఒక ఉత్తుత్తి టీవీ క్విజ్ షో. సరిగ్గా అప్పుడే పబ్లిక్ ఎనిమీ, ఎన్‌డబ్ల్యూఏ బృందాల పాటలు కోపంతో భగ్గుమంటున్నాయి. ఆ వేడిలో పూలు పట్టుకొచ్చిన వాళ్ళని చూసి పత్రికలు 'ర్యాప్ హిప్పీలు' అని పేరు పెట్టాయి. హిప్ హాప్‌లో ఎన్నడూ లేని కలగలుపు ఇదేనన్న మాట అప్పటినుంచి స్థిరపడిపోయింది. ఆ మాట నిలవదు. ఈ ఆల్బమ్ కొత్తదారి తొక్కలేదు. హిప్ హాప్ పుట్టినప్పటి అలవాటునే, పదేళ్ళ విరామం తర్వాత, తిరిగి పట్టుకుంది. శ్రోతలు అంతగా హత్తుకోవడానికి కారణం కూడా అక్కడే ఉంది.

ఆ అలవాటు ఏమిటో తెలియాలంటే 1973కి వెళ్ళాలి. జమైకా నుంచి వలస వచ్చిన కుర్రాడు డీజే కూల్ హెర్క్ ఆ ఏడాది ఆగస్టు 11న బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్ట్‌మెంటు హాల్లో, చెల్లెలు ఏర్పాటు చేసిన పార్టీకి రికార్డులు వేశాడు. పాటలో గొంతులు ఆగిపోయి డ్రమ్ము ఒక్కటే మోగే చోట జనం ఊగిపోతున్నారని గమనించి, రెండు టర్న్‌టేబుళ్ళతో ఆ ముక్కనే సాగదీయడం అతని విద్య. ఆ ముక్క ఎవరి పాటలోది, ఏ సంప్రదాయానిది అన్నది అతనికి అనవసరం. హెర్క్ వల్ల ప్రసిద్ధికెక్కిన 'అపాచీ' మూలంలో ఇంగ్లండ్‌వాడు రాసిన గిటార్ బాణీ. పోటీ డీజేలు ఆనవాలు పట్టకుండా అతను రికార్డుల్ని నీళ్ళలో నానబెట్టి లేబుళ్ళు ఊడదీసేవాడు. మరో బ్రాంక్స్ డీజే ఆఫ్రికా బంబాటా అయితే జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌ని కూడా బ్రాంక్స్ కుర్రాళ్ళ చేత ఆడించాడు. ఈ విశాలత్వం తగ్గింది 1979లో, 'రాపర్స్ డిలైట్' అనే ర్యాప్ పాట హిట్టయ్యాక. డీజే వెనక్కి జరిగాడు, మాట చెప్పేవాడు ముందుకొచ్చాడు. స్టూడియోలో వాద్యకారులు, తర్వాత డ్రమ్ మెషిన్లు ఆ ఖాళీ నింపాయి.

డి లా సోల్ కుర్రాళ్ళు బ్రాంక్స్ వాళ్ళు కారు. న్యూయార్క్ శివారు లాంగ్ ఐలాండ్‌లోని అమిటీవిల్‌లో హైస్కూలు స్నేహితులు. అందరికీ ఇరవై అటూ ఇటూ. ఒకడు 'యోగర్ట్' అక్షరాలు తిరగేసి ట్రుగోయ్ అని పేరు పెట్టుకున్నాడు, తక్కినవాళ్ళు పాస్డనూస్, మేసియో. వీళ్ళకి దారి చూపిన ప్రిన్స్ పాల్ కూడా ఆ ఊరివాడే, స్టెట్సాసోనిక్ బృందంలో డీజే. రెండు టర్న్‌టేబుళ్ళ పనిని వీళ్ళు శాంప్లర్ చేత, అంటే రికార్డులోంచి ముక్క తీసి మళ్ళీ మోగించే యంత్రం చేత, చేయించారు. 'ఐ నో' అనే పాట ఒక్కటి చాలు. మెంఫిస్ బృందం మ్యాడ్ ల్యాడ్స్ పాట నుంచి బాకాలు, 1977లో స్టీలీ డాన్ బృందం పాడిన 'పెగ్' నుంచి ఒక గొంతు ముక్క, ఓటిస్ రెడ్డింగ్ చివరి రోజుల్లో రికార్డు చేసిన 'డాక్ ఆఫ్ ద బే' నుంచి ఈల. నల్లజాతి చర్చి వాసన ఉన్న దక్షిణాది సోల్ ఒకటి, లాస్ ఏంజెలిస్ స్టూడియోల నునుపు ఇంకొకటి. అమెరికన్ రేడియోలో అవి వేర్వేరు స్టేషన్ల సరుకు. ఇక్కడ ఒకే ప్రేమపాటలో కలిశాయి, అతుకు కనబడదు. ఆ ఈల రాగానే శ్రోతకి పాత పాట గుర్తొస్తుంది, మరుక్షణం అది మరోదానిలోకి జారిపోతుంది. ఈ గుర్తుపట్టే ఆనందమే ఆల్బమ్‌కి ప్రాణం. హరిదాసు కీర్తన మధ్యలో పిట్టకథ, పిట్టకథలో సినిమా బాణీ లాగినప్పుడు మన సభలో నవ్వు పుట్టేది ఇందుకే.

ఇది మెత్తటి సంగీతం, కాలేజీ తెల్లకుర్రాళ్ళ కోసం వండింది అని ఒక ఆక్షేపణ ఉంది. విలేజ్ వాయిస్ పత్రిక అప్పట్లో ఏటా జరిపిన విమర్శకుల ఓటింగ్‌లో 1989కి ఇదే మొదటి స్థానంలో నిలవడం ఆ వాదానికి బలమిచ్చింది. కానీ 'మీ మైసెల్ఫ్ అండ్ ఐ' బిల్‌బోర్డ్ నల్లజాతి సంగీత పట్టికలో మొదటి స్థానానికి చేరింది, దేశమంతటి పాప్ పట్టికలో 34 దగ్గర ఆగింది. అంటే ముందు పట్టుకున్నది ఎవరో తెలుస్తూనే ఉంది. దాని కింద మోగేది జార్జ్ క్లింటన్ ఫంకడెలిక్ బృందపు బాణీ, నల్లజాతి ఇళ్ళలో పదేళ్ళుగా తెలిసిందే. హిప్పీ ముద్ర మీద బృందానికే రోత పుట్టి, 1991లో రెండో ఆల్బమ్‌కి 'డి లా సోల్ ఈజ్ డెడ్' అని పేరు పెట్టి, అట్ట మీద పూలకుండీ పగలగొట్టి చూపించింది. పూలు బొమ్మకే పరిమితమని వాళ్ళకి మొదటినుంచీ తెలుసు.

రెండో ఆక్షేపణ బరువైనది: ఇది దొంగసొత్తు కదా? టర్టిల్స్ బృందం సభ్యులు కోర్టుకెక్కారు. ఆల్బమ్‌లో నిమిషం పాటి ఒక తునకలో, ఫ్రెంచ్ పాఠం రికార్డు కింద, వాళ్ళ 1968 నాటి 'యూ షోడ్ మీ' నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. అనుమతి లేదు. వ్యవహారం కోర్టు బయట రాజీతో ముగిసింది. వాళ్ళ ఫిర్యాదు న్యాయమే, వాడుకున్నప్పుడు డబ్బివ్వాలి. అయితే ఒక సంగతి మరువకూడదు. ఆ పాట టర్టిల్స్ రాసింది కాదు, బర్డ్స్ బృందానికి చెందిన జీన్ క్లార్క్, రోజర్ మెగ్విన్ రాసింది. ఒకసారి విడుదలైన పాటను మరొకరు పాడుకోవడానికి అమెరికా చట్టం 1909 నుంచే నిర్ణీత రుసుము పెట్టింది. అది కడితే రచయిత కాదనలేడు. రికార్డులోంచి ముక్క కత్తిరించుకోవడానికి మాత్రం అలాంటి ధర ఏదీ లేదు. యజమాని ఎంతంటే అంత, వద్దంటే వద్దు. తప్పు ఎవరిదని అడిగితే, కుర్రాళ్ళ చేతివాటం కంటే చట్టంలోని ఈ ఖాళీదే పెద్దపాలు అంటాను. 1991 డిసెంబరులో ర్యాపర్ బిజ్ మార్కీ కేసులో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి, అనుమతి లేని శాంపిల్ దొంగతనమేనని, బైబిల్ ఆజ్ఞను ఎత్తిచూపి మరీ తేల్చాడు.

ఆ తర్వాత ఒక్క పాటలో నాలుగైదు రికార్డులు కలపడం సొమ్మున్నవాళ్ళకే సాధ్యమైంది. ఎక్కువమంది ఒక్క శాంపిల్‌తో సరిపెట్టుకున్నారు. 1992లో ర్యాపర్ డాక్టర్ డ్రే 'ద క్రానిక్' ఆల్బమ్ కోసం పాత ఫంక్ బాణీలు చాలావరకు వాద్యకారుల చేత మళ్ళీ వాయించుకున్నాడు. అద్భుతమైన ఆల్బమే, కానీ వినబడే తీరు వేరు. ఇక డి లా సోల్ తొలి ఆల్బమ్‌కి వచ్చిన చిక్కు విచిత్రమైనది. 1989లో రాసుకున్న ఒప్పందాలకు స్ట్రీమింగ్ అనే ఊహే లేదు. ప్రపంచంలో పాటలన్నీ ఫోనులోకి వచ్చేసినా, అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ జాతీయ రికార్డింగుల జాబితాకెక్కిన ఈ ఆల్బమ్ మాత్రం సక్రమంగా దొరికేది కాదు. టామీ బాయ్‌ని రిజర్వాయర్ అనే సంస్థ 2021లో కొనుక్కున్నాక, హక్కుల చిక్కులు విప్పుకుని, 2023 మార్చి 3న అది స్ట్రీమింగ్‌లోకి వచ్చింది. ట్రుగోయ్ అంతకు దాదాపు మూడు వారాల ముందే, ఫిబ్రవరి 12న, కన్నుమూశాడు.