తెలుగు అక్షరానికి కంప్యూటర్లో పడిన ధర

పేజీలు సిద్ధం చేసే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ ఆఖరి కూర్పు 2001లో వచ్చింది. ఆ తరువాత దాన్ని అమ్ముతున్న అడోబీ సంస్థే పక్కన పెట్టేసింది. అయినా నరసరావుపేట, గురజాల, మాచర్ల వంటి ఊళ్ల నుంచి హైదరాబాదు దాకా, తెలుగునాట ఎన్నో డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి శుభలేఖలు, కరపత్రాలు, అర్జీలు, చిన్న పత్రికలు దానిలోనే తయారయ్యాయి. ఇంకా కొన్నిచోట్ల అవుతూనే ఉన్నాయి. చచ్చిపోయిన సాఫ్ట్‌వేర్‌ను ఇన్నాళ్లు ఎందుకు మోశారన్నది అర్థమైతే, సాఫ్ట్‌వేర్ ఖర్చంటే ఏమిటో చాలావరకు అర్థమవుతుంది. ఆ ఖర్చు కొన్న రోజు బిల్లుతో తీరేది కాదు. వదిలేద్దామనుకున్న రోజున పడే భారమే అసలు ఖర్చు.

సాఫ్ట్‌వేర్‌కు విడిగా ధర కట్టడం మరీ పాత అలవాటేమీ కాదు. మొదట్లో అది యంత్రంతో పాటే వచ్చేది. 1969లో ఐబీఎం రెండింటినీ విడదీసి అమ్ముతామని ప్రకటించాక, ప్రోగ్రాము కూడా సరుకయింది. సోర్స్ కోడ్ తాళం వెనక్కి వెళ్లింది. దానికి ఎదురుగా రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను విడుదల చేశారు. వాడుకోవడానికి, చదవడానికి, మార్చడానికి, పంచడానికి హక్కునిచ్చే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సులు అప్పుడు స్థిరపడ్డాయి.

ఆ రోజుల్లో తెలుగు పరిస్థితి వేరు. మనకు ముందు కంప్యూటర్ తెరమీద అక్షరం కనబడాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసిన జిస్ట్ కార్డును పీసీలో బిగించుకుంటే భారతీయ లిపులు వచ్చేవి. అంటే అక్షరం కోసం అదనంగా హార్డ్‌వేరే కొనాలి. ఇస్కీ అనే సంకేత పద్ధతికి 1991లో భారత ప్రమాణంగా గుర్తింపు వచ్చింది. కానీ అచ్చు వ్యాపారం ఆ దారిన పోలేదు. అను, శ్రీలిపి వంటి ప్యాకేజీలు వచ్చి పేజ్‌మేకర్‌లో తెలుగును పరిగెత్తించాయి. ఈ కంపెనీల పట్ల చిన్నచూపు సరికాదు. ఇంకెవరూ పట్టించుకోని రోజుల్లో లెటర్‌ప్రెస్ నుంచి తెలుగు అచ్చును కంప్యూటర్‌కు దాటించింది వాళ్లే. ఆ శ్రమకు ధర పుచ్చుకోవడమూ న్యాయమే.

చిక్కు ధరలో లేదు, పద్ధతిలో ఉంది. ఈ ఫాంట్లలో తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు ముక్కలుగా విడగొట్టి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టారు. మనకు తెరమీద తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్‌కు మాత్రం అది అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు. ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలన్నది కంపెనీ కంపెనీకీ వేరు. ఒకరి ఫాంటులో కూర్చిన పేజీ మరొకరి ఫాంటులో తెరిస్తే చిందరవందరే. వెతకడం కుదరదు, అకారాది క్రమంలో పేర్చడం కుదరదు. ఫాంటు లేనిదే పుస్తకం లేదు. శ్రీలిపి లాంటి వాటికి డాంగిల్ కూడా ఉండేది. కంప్యూటర్‌కు ఆ తాళం గుచ్చితేనే పని.

అందుకే పేజ్‌మేకర్ పోలేదు. పదేళ్ల ఫైళ్లు, ఆపరేటర్ వేళ్లకు పట్టేసిన ‘యాపిల్’ అనే కీబోర్డు అమరిక అలవాటు, ఖాతాదారు ఫలానాదే కావాలని అడిగే ఫాంటు, అన్నీ ఆ పాత సాఫ్ట్‌వేర్‌కే కట్టి ఉన్నాయి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. చిన్న ఊళ్లలో చాలామంది సాఫ్ట్‌వేర్ కొననే లేదు, కాపీ చేసుకున్నారు. కాబట్టి లినక్స్ ఉచితమని చెబితే డీటీపీ యజమానికి అది వార్తే కాదు, ఆయన దృష్టిలో అప్పటికే అన్నీ ఉచితం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం మన దగ్గర ధర మాట దగ్గరే ఆగిపోయినంత కాలం ఎవరినీ కదిలించలేకపోయిందంటే కారణం ఇదే అని నా నమ్మకం. దొంగ కాపీతో కొనుగోలు ఖర్చు తప్పుతుంది. కానీ ఫైలు చెరనుంచి విడుదల కాదు.

చెర విడిపించే పని మొదలైంది ఊహించని చోట. 1990ల తొలినాళ్లలో అమెరికాలో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. అదే ఆర్టీఎస్. కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ పేర్లు దానితో ముడిపడి ఉన్నాయి. అందులో రాసినదాన్ని తెలుగు లిపిలోకి మార్చే ప్రోగ్రాము కూడా చేసి ఊరికే పంచారు. 1991లోనే, ప్రపంచ లిపులకు ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దక్కింది. అయితే అది సామాన్యుడి కంప్యూటర్‌కు చేరేసరికి పదేళ్లు పట్టింది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. ఆ ఫాంటుకు వేరే డబ్బు కట్టనక్కర్లేదు కానీ, దాన్ని తీసుకెళ్లి లినక్స్ యంత్రంలో పెట్టుకునే హక్కు మాత్రం రాదు. అదే కాలంలో కెనడాలో ఉన్న తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద వదిలారు. రెడ్‌హ్యాట్ సంస్థ 2004లో లోహిత్ ఫాంట్లను అలాగే విడుదల చేసింది.

తరువాతి అడుగు నాగార్జున వెన్నది. ఆయన తయారుచేసిన పద్మ, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు ఒక పొడిగింత. పత్రికలు తమ సొంత ఫాంట్లలో వెబ్‌లో పెట్టిన వార్తలను ఇది యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఒక్కో ఫాంటులో ఏ ముక్క ఎక్కడుందో ఓపికగా పట్టిక వేసుకుంటే తప్ప సాగని పని అది. ఆర్టీఎస్‌లో రాసినదాన్నీ ఇది మార్చగలదు. ఆ కోడ్ తెరిచి ఉంది కాబట్టే 2006లో వీవెన్ దాని ఆధారంగా లేఖినిని తేగలిగారు. బ్రౌజరు తెరిచి ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే పక్కన తెలుగు వచ్చే పేజీ అది. తెలుగు వికీపీడియాలో తొలినాళ్ల రాత చాలామందికి లేఖినితోనే సాధ్యమైంది. హ్యూస్టన్‌లో కొందరు విద్యార్థుల పని పదిహేనేళ్ల తరువాత తెలుగు ఊళ్లలోని నెట్‌ సెంటర్లలో అక్కరకొచ్చింది. మధ్యలో ఎవరూ ఎవరికీ రాయల్టీ కట్టలేదు, అనుమతి కోసం ఉత్తరం రాయలేదు. ఖర్చు తగ్గడమంటే నా దృష్టిలో ఇది. వెనకటివాడు చేసిన పని మళ్లీ మొదటినుంచి చేయనక్కర్లేదు.

ఇలా తలా ఒక చెయ్యి వేయడం మన నేలకు కొత్త కాదు. అమరావతి మహాస్తూపం పలకల మీద దాతల పేర్లు చెక్కి ఉన్నాయి. రాజుల పేర్లకంటే వర్తకులు, గృహిణులు, భిక్షుణుల పేర్లే అక్కడ ఎక్కువ కనిపిస్తాయి. విధికుడనే చర్మకారుడు తన కుటుంబంతో కలిసి పూర్ణఘట ఫలకం ఇచ్చినట్టు ఒక శాసనం చెబుతుంది. ఒక్కొక్కరు ఒక్కో రాయి ఇస్తే, కట్టడం మాత్రం అందరిదీ అయింది. ఏ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో వచ్చే కర్తల జాబితా చూసినా నాకు ఆ పలకలే గుర్తొస్తాయి.

అలాంటి జాబితాల్లో వింతలు కనిపిస్తాయి. మన డీటీపీ ఆపరేటర్ల యాపిల్ కీబోర్డు అమరికను యూనికోడ్‌కు తెచ్చి లినక్స్‌లో అందించిన వాటిలో ఎం17ఎన్ అనే లైబ్రరీ ఒకటి. దాన్ని నడిపింది జపాన్‌లోని ఒక ప్రభుత్వ పరిశోధనా సంస్థ. హైదరాబాదులో మొదలైన స్వేచ్ఛ సంస్థ ఇంజనీరింగ్ విద్యార్థులను కూడగట్టి గ్నూ లినక్స్‌ను తెలుగులోకి తెచ్చింది. తరువాత సిలికానాంధ్ర అనే సంస్థ మండలి, గిడుగు, సురవరం, ధూర్జటి వంటి ఫాంట్లను ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద విడుదల చేసింది. వాటిలో ఎక్కువ భాగం పురుషోత్ కుమార్ గుత్తుల గీసినవి. ఆ లైసెన్సు ప్రకారం ఫాంటును ఒక్కదాన్నే సరుకుగా అమ్మకూడదు, దానితో అచ్చేసిన పుస్తకాన్ని ఎంతకైనా అమ్ముకోవచ్చు. చిన్న ప్రచురణకర్తకు ఇంతకంటే కావలసింది లేదు.

ఈ మార్పు అన్నిటికంటే లోతుగా జరిగింది ఫోన్లో. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నీ అక్షరాలను కూర్చడానికి హార్ఫ్‌బజ్ అనే ఒకే స్వేచ్ఛా లైబ్రరీ మీద ఆధారపడతాయి. ఒత్తు కిందికి దిగాలా, గుడి ఎక్కడ తగలాలి అన్నది అదే చూసుకుంటుంది. సత్తెనపల్లి రైతు తన ఫోన్లో భూ రికార్డుల సైటు మీభూమి తెరిచి అడంగల్ చూసుకుంటే, ఆ అక్షరాల కోసం ఆయన విడిగా పైసా కట్టడు. జిస్ట్ కార్డు నాటి నుంచి ఇక్కడికి రావడం చిన్న సంగతి కాదు.

మరి ఖర్చు ఎటు పోయింది? లెక్కలు చెప్పేవాళ్లు ఆదా గురించే మాట్లాడతారు. కేరళ బడుల్లో 2 లక్షల కంప్యూటర్లకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడటం వల్ల 3,000 కోట్ల రూపాయలు మిగులుతాయని అక్కడి కైట్ సంస్థ 2019లో చెప్పింది. అంటే ఒక్కో యంత్రానికి లక్షన్నర. అన్ని సాఫ్ట్‌వేర్లనూ పూర్తి ధరకు కొంటే అయ్యే మొత్తం అది. ఏ ప్రభుత్వమూ బడి కంప్యూటర్‌కు అంత పెట్టదు కాబట్టి దాన్ని చేతికొచ్చిన డబ్బుగా చూడలేను. కేరళ గొప్పతనం వేరేచోట ఉంది. ఆ రాష్ట్రం ఉపాధ్యాయుల శిక్షణకు, మలయాళంలో సాఫ్ట్‌వేర్ సిద్ధం చేయడానికి ఏళ్ల తరబడి ఖర్చు పెట్టింది. లైసెన్సుకు పోవలసిన డబ్బు మనుషులకు చేరింది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. తెలుగు రాష్ట్రాల్లో మాత్రం కేరళలో కనిపించిన ఆ పట్టుదల కనిపించలేదు. ఈ మాట బాధతోనే రాస్తున్నాను.

నిర్వహణకు డబ్బు పెట్టకపోతే ఏమవుతుందో 2014లో ప్రపంచం చూసింది. సగం ఇంటర్నెట్ భద్రత ఆధారపడిన ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడినప్పుడు, ఆ ప్రాజెక్టుకు ఏడాదికి అందే విరాళాలు రమారమి 2,000 డాలర్లని తేలింది. మన వైపూ అంతే. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ పాత పద్ధతి పొడిగింతలను ఆపేసింది. పద్మ లాంటివన్నీ కొత్త పద్ధతికి తిరగరాస్తే తప్ప పనిచేయవు. తిరగరాయడానికి ఎవరైనా సాయంకాలాలు వెచ్చించాలి, లేదా ఎవరైనా జీతమివ్వాలి.

ఇప్పుడు అదే ప్రశ్న మరో రూపంలో వచ్చింది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ బృందం 2023లో ఇండిక్‌ట్రాన్స్2 అనే అనువాద నమూనాను ఓపెన్ సోర్స్ లైసెన్సుతో విడుదల చేసింది. తెలుగుతో సహా 22 షెడ్యూల్డు భాషలకు అది పనిచేస్తుంది. దించుకోవడానికి రుసుము లేదు. కానీ దాన్ని పెద్ద ఎత్తున నడపాలంటే జీపీయూలున్న సర్వర్లు కావాలి, వాటికి గంటల లెక్కన అద్దె కట్టాలి. దానికి మెరుగైన తెలుగు నేర్పాలంటే మంచి తెలుగు పాఠ్యం కావాలి. ఆ పాఠ్యంలో ఎంతో భాగం, పేజ్‌మేకర్ ఫైళ్లలో, అను ఫాంట్లలో, చిన్న ఊళ్ల డీటీపీ సెంటర్ల పాత హార్డ్ డిస్కుల్లో ఇంకా అలాగే ఉంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చే పట్టికలు ఉన్నాయి, మార్పిడిలో దొర్లిన తప్పులు సరిచూడటానికి తెలుగు చక్కగా వచ్చిన మనుషులూ ఉన్నారు. వాళ్లకు ఇవ్వాల్సిన కూలీని, నాకు తెలిసినంతలో, ఏ ప్రభుత్వ శాఖా, ఏ విశ్వవిద్యాలయమూ ఇంకా తన పద్దులో రాసుకోలేదు.