పేరడీ: పాట పక్కన పాట
మొన్న మా మేనల్లుడు చేతి గడియారం చూపించి, “ఇది ఒరిజినల్ కాదు మామయ్యా, పేరడీ” అన్నాడు. నకిలీకి ఆ పేరు పెడితే నాకు మనసొప్పలేదు. గ్రీకులో ‘పారా’ అంటే పక్కన, ‘ఓడే’ అంటే పాట; రెండూ కలిస్తే అసలు పాట పక్కన నిలిచే పాట. ఇంగ్లిషు మీదుగా మన దగ్గరికొచ్చిన ఈ మాట పేరడీలు రాసిన జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిని ‘పేరడీ శాస్త్రి’ని చేసింది. నకలు, నకిలీ వేరే ఇంటివి; అవి అరబ్బీ ‘నక్ల్’ నుంచి ఉర్దూ దారిన వచ్చాయి. నకిలీ అసలును దాస్తుంది, పేరడీ అసలును గుర్తుచేస్తుంది. అందుకు సాక్ష్యం వీడియో గేముల్లోనే ఉంది. నింటెండో 1990లో తెచ్చిన ‘డాక్టర్ మారియో’లో వైద్యుడైన మారియో వైరస్‌లున్న సీసాలోకి రెండు రంగుల మాత్రలు విసురుతాడు, వైరస్‌తో కలిపి ఒకే రంగువి నాలుగు వరుసలో చేరితే అన్నీ మాయం. 2003 నాటి ‘వారియోవేర్’లో ఆడి గెలుచుకునే ‘డాక్టర్ వారియో’లోనూ అదే సీసా, అవే మాత్రలు, వైద్యుడి చోట మాత్రం దురాశాపరుడు వారియో. ఆ పేరూ అలాంటిదే: జపనీసులో ‘వరుయ్’ అంటే చెడ్డ, దానికి మారియో తోడైంది. అనుకరణ, వెక్కిరింత, ఎగతాళి పేరడీకి చుట్టాలే. మోసం మాత్రం కాదు. మూలం మీద మమకారం లేనిదే పేరడీ పుట్టదు.