బియ్యపు ఆకులు వేలాడే ఊరు

మే 15న లుక్బాన్ వీధుల్లో నడిస్తే ఇళ్ల గోడలు కనబడవు. పైకిటికీల నుంచి గుమ్మం దాకా ఎరుపు, పసుపు, గులాబి, ఆకుపచ్చ రంగుల పల్చటి ఆకులు దొంతరలుగా వేలాడుతుంటాయి. వాటి మధ్య వరి కంకులు, గుమ్మడికాయలు, అరటి గెలలు. రంగు రంగుల ఆ ఆకులు ఏ చెట్టువీ కావు, బియ్యప్పిండితో చేసినవి. వాటి పేరు కిపింగ్.

మిగతా ఏడాదంతా లుక్బాన్ నెమ్మదైన ఊరు. ఫిలిప్పీన్స్‌లోని కెజోన్ ప్రావిన్స్‌లో బనహావ్ కొండ పాదాన ఉంటుంది. ఆ కొండ పుణ్యమా అని గాలి చల్లన, నేల సారవంతం. లుక్బాన్ అంటే పంపరపనస. ఊరికి ఆ పండు పేరే నిలిచింది. బురి తాటాకులతో టోపీలు అల్లడం ఇక్కడివాళ్ల పాత చేతిపని. స్పానిష్ ఏలుబడి తొలినాళ్లలో, 1578లో, ఫ్రాన్సిస్కన్ సన్యాసులు ఇక్కడ అడుగుపెట్టారు. వాళ్ల వెంట వచ్చిన నమ్మకాల్లోదే రైతు పునీతుడు సాన్ ఇసిద్రో కథ కూడా.

ఇసిద్రో మాడ్రిడ్ దగ్గర ఒక ఆసామి పొలంలో పాలేరు. అతను ప్రార్థనలో మునిగి ఉంటే దేవదూతలు వచ్చి నాగలి పట్టారని కథ. 1622లో చర్చి అతన్ని పునీతుడిగా ప్రకటించింది. నాగలి పట్టిన మనిషికే పీట వేసిన కథ గనక వరి పండించే ఊళ్లు దాన్ని సొంతం చేసుకోవడంలో వింత లేదు.

మొదట్లో రైతులు పంటను చర్చికి మోసుకెళ్లి, ఫాదరీ దీవెన పొంది, తిరిగి తెచ్చుకునేవారట. పంట పెరిగి చర్చిలో పట్టకపోయేసరికి ఎవరింటి ముందు వాళ్లే పేర్చుకున్నారు, ఫాదరీయే వీధుల వెంట వచ్చి దీవించాడు. ఊరివాళ్లు చెప్పుకునే పుట్టుక ఇదే. తగలోగు భాషలో 'హియాస్' అంటే నగ. పంటను ఇంటికి నగలా తొడిగే ఆ వేడుక పహియాస్ అయింది.

ఇక కిపింగ్ పనితనం. నానిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, రంగు కలిపి, నిజమైన ఆకు మీద పల్చగా పూస్తారు. కాఫీ, కోకో, కబల్ ఆకులు ఇందుకు బాగా పనికొస్తాయి. ఈనెలు ఉబికి ఉన్న వైపునే పూయాలి, అప్పుడే అచ్చు పడుతుంది. ఆవిరి మీద ఉడికించి, చల్లారాక చిరగకుండా ఒలిచి, వంకర పోకుండా బరువు కింద అణుస్తారు. చివరికి చేతిలో మిగిలేది వెలుతురుకు పట్టుకుంటే ఈనె ఈనె కనిపించే రేకు. పూతరేకులు చూసిన కళ్లకు ఆ పల్చదనం కొత్త కాదు, కానీ ఆకు ముద్రను అంత ముచ్చటగా పట్టుకున్న తీరు కొత్త. ఇలాంటివి వందలు గుచ్చి అరంగ్యా అనే షాండిలియర్ కడతారు. ఈ పని వారాల ముందే మొదలవుతుంది.

కిపింగ్‌కు మెక్సికో టోర్టిల్లా మూలమని ఒక కథ ఉంది. మనీలా, అకపుల్కో రేవుల మధ్య 1565 నుంచి 1815 దాకా గాలియన్ ఓడలు తిరిగాయి. వాటిలో వెళ్లిన లుక్బాన్ మనిషి ఒకరు అక్కడి మొక్కజొన్న రొట్టె చూసి వచ్చి, ఇంట్లో ఉన్న బియ్యంతో ప్రయత్నించారంటారు. రొట్టె ఆలోచన సముద్రం దాటి వచ్చి ఉండవచ్చు. ఆకునే అచ్చుగా వాడాలన్న తలంపు మాత్రం పెరటి చెట్ల మధ్య పుట్టిందే అనిపిస్తుంది.

పండుగనాడు పునీతుడి ప్రతిమ ఊరేగుతుంది. ఆ దారి ఏటేటా మారుతుంది, ఏ వీధి వంతు వస్తే ఆ వీధి ఇళ్లే సింగారించుకుంటాయి. చూడవచ్చినవాళ్లు అరచేతిలో అరటాకు, అందులో నూడుల్స్, పైన కాస్త వెనిగర్ చల్లుకుని, చెంచా లేకుండా ఆకునే నోటికి ఆనించుకుని తింటారు. దాని పేరు పాన్సిత్ హబ్‌హబ్. పక్కన వెల్లుల్లి ఘాటెక్కిన లాంగనీసా సాసేజ్ వేగుతూ ఉంటుంది.

ఊరేగింపు దాటిపోయాక కూరగాయలు, పళ్లు వచ్చినవాళ్ల చేతుల్లోకి వెళతాయి. మిగిలిన కిపింగ్‌ను కొందరు నూనెలో వేయించుకుంటారు. రంగుల ఆకులు బాణలిలో పొంగి, మళ్లీ బియ్యపు తిండి అయిపోతాయి.