శీతలీకరణలో జోడు పద్ధతులు.. విద్యుత్తు ఖర్చుకు కళ్లెం

తెనాలి నిమ్మ, దుగ్గిరాల పసుపు, కొల్లూరు లంకల అరటి, రేపల్లె సమీపంలోని నిజాంపట్నం హార్బరుకు చేరే చేపలు.. ఏ సరకైనా చెడకుండా నిలవాలంటే చల్లదనమే ఆధారం. అందుకయ్యే విద్యుత్తు ఖర్చు చివరకు రైతు, మత్స్యకారుల రాబడిలోంచే పోతుంది. భారమంతా ఒకే యంత్రంపై మోపకుండా రెండు మూడు పద్ధతులను జతచేస్తే ఈ ఖర్చును తగ్గించుకునే వీలుంది.

శీతల గిడ్డంగులు, ఐస్ ఫ్యాక్టరీల్లో విస్తృతంగా కనిపించేది అమ్మోనియా కంప్రెసర్ విధానం. ద్రవ అమ్మోనియా లోపలి వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని అధిక పీడనంతో కండెన్సరుకు పంపగా, అక్కడ వేడిని వదిలి తిరిగి ద్రవమవుతుంది. విద్యుత్తులో సింహభాగం కంప్రెసరుకే ఖర్చవుతుంది.

కండెన్సర్ ఎంత చల్లగా ఉంటే కంప్రెసరుకు అంత శ్రమ తప్పుతుంది. ద్రవీభవన ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గినా విద్యుత్తు సుమారు 2 నుంచి 3 శాతం ఆదా అవుతుంది. కిలో నీరు ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. బాపట్ల, రేపల్లె వంటి తీర ప్రాంతాల గాలిలో తేమ ఎక్కువ గనుక, ఎయిర్ కూలర్ మాదిరిగా నీటితో గదిని నేరుగా చల్లబరచాలంటే ఫలితం అంతంతమాత్రమే. అదే నీటిని కండెన్సర్ గొట్టాలపై చల్లి ఫ్యాను తిప్పితే తేమ గాలిలోనూ పని జరుగుతుంది. గొట్టాలు గాలి కన్నా వేడిగా ఉండటమే ఇందుకు కారణం. అయితే ఉప్పునీరు వాడితే గొట్టాలపై పొర కట్టి, వచ్చిన లాభం కాస్తా పోతుంది. తీర గ్రామాల్లో ఇది చిన్న సమస్య కాదు.

రెండో జోడు ఐస్ నిల్వ. పాల శీతలీకరణ కేంద్రాలకు ఇది కొత్త కాదు. రాత్రి ట్యాంకులో ఐసు కట్టించి, పాలు చేరే వేళ కరిగించుకుంటారు. కిలో ఐసు కరిగేటప్పుడు 334 కిలోజౌళ్ల వేడిని గ్రహిస్తుంది. ఐసు కట్టడానికి కంప్రెసర్ సున్నా డిగ్రీలకు దిగువన పనిచేయాలి కనుక యూనిట్ల ఆదా పెద్దగా ఉండదు. చిన్న యంత్రంతో సరిపెట్టుకోవడం, కరెంటు పోయినా సరకు నిలవడం ఇందులోని అసలు ప్రయోజనాలు.

బాయిలర్ ఉన్న ధాన్యం మిల్లుల చెంత మూడో మార్గం ఉంది. ఊక మంట వేడితో నడిచే లిథియం బ్రోమైడ్ శోషణ యంత్రం నీటిని సుమారు 5 డిగ్రీల వరకు చల్లబరుస్తుంది. 13 డిగ్రీల కన్నా దిగువన తొక్క నల్లబడే అరటికి ఆ చల్లదనం చాలు. చేపలకు చాలదు, సున్నా డిగ్రీలకు దింపే మిగతా పని కంప్రెసర్ చేయాల్సిందే.