“ఊరికి దగ్గరలోనే” అంటే ఎంత దూరం? హుయాన్‌త్సాంగ్ చెప్పిన దారి, మా గుంటుపల్లి కొండ

ఈ ఎపిసోడ్‌లో ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి. ఆ తర్వాత చరిత్రలోకి వెళ్దాం.

మన ఛానెల్ మొదలుపెట్టిన కొత్తలో గుంటుపల్లి బౌద్ధ గుహల మీద ఒక వీడియో చేశాను, గుర్తుందా? నాది కామవరపుకోట. ఆ కొండ మా మండలంలోనే ఉంది. చిన్నప్పుడు స్కూల్ పిక్నిక్ అంటే మాకు అదే. బీటెక్ అయ్యి, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ ఈ వీడియోల్లోకి దిగినప్పుడు మొదట చెప్పాలనిపించింది కూడా మా ఊరి కొండ గురించే. ఆ ఊపులో ఒక మాట అనేశాను. “బౌద్ధ తర్కశాస్త్రానికి మూలపురుషుడైన దిఙ్నాగుడు ఈ కొండ మీదే కూర్చుని గ్రంథం రాశాడు, హుయాన్‌త్సాంగే స్వయంగా చెప్పాడు” అని. కింద ఎలా వెళ్లాలో దారి కూడా ఇచ్చాను: విజయవాడ నుంచి ఏలూరు, ఏలూరు నుంచి గుంటుపల్లి.

ఆ వీడియో చూసి ఒకాయన నిజంగానే వచ్చారు. జపాన్‌లో రీసెర్చ్ చేస్తున్న విద్యార్థి. హైదరాబాద్‌లో ఒక అకడమిక్ కాన్ఫరెన్స్‌కి వచ్చి, పనిలో పనిగా దిఙ్నాగుడి కొండ చూసి వెళ్దామనుకున్నారు. విజయవాడలో రైలు దిగి, ఫోన్‌లో “గుంటుపల్లి” అని కొట్టి, కారెక్కారు. కాసేపటికి నాకు ఫోన్. “ఇక్కడ రైల్వే వ్యాగన్ వర్క్‌షాప్ ఉంది, కొండ ఎక్కడ?” అని.

మీకు అర్థమైపోయుంటుంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం వైపు ఇంకో గుంటుపల్లి ఉంది, వ్యాగన్ వర్క్‌షాప్ ఉన్న ఊరు. మా వైపు వాళ్లకి ఆ తేడా చెప్పక్కర్లేదు కాబట్టి నేను చెప్పలేదు. పాపం ఆయన మళ్లీ వెనక్కి తిరిగి, ఏలూరు మీదుగా మా ఊరొచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది.

సరే, కొండెక్కాం. గుండ్రటి గుహ చైత్యం చూశాం. పైకప్పు లోపల రాతినే కర్ర దూలాల్లా చెక్కారు చూడండి, బీహార్‌లో బరాబర్ కొండల గుహల పద్ధతి గుర్తొస్తుంది. భిక్షువులు ఉండే గదులు, పైన వరసగా చిన్న చిన్న రాతి స్తూపాలు, ఇటుకల చైత్యగృహం, అన్నీ చూపించాను. ఆయన అంతా ఓపిగ్గా చూసి, చివర్లో చాలా మర్యాదగా అడిగారు: “ఈ కొండే అని హుయాన్‌త్సాంగ్ ఎక్కడ చెప్పాడండీ?”

నా దగ్గర సమాధానం లేదు. నేనూ ఎవరో చెప్తే విన్నదే. ఆయన ఫోన్‌లో చైనీస్ మూలం తీసి, ఒక్కో ముక్క నాకు ఇంగ్లీషులో చెప్పారు. అందులో గుంటుపల్లి పేరు లేదు. కానీ దారి ఉంది. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ దారి గురించి.

ముందు మనిషి సంగతి చూద్దాం. హుయాన్‌త్సాంగ్ అనగానే మనకి స్కూల్ పుస్తకంలో వీపుకి పుస్తకాల బుట్ట కట్టుకున్న బొమ్మ గుర్తొస్తుంది. ఆయన తీర్థయాత్రకు మాత్రమే రాలేదు, చదువుకోడానికి వచ్చాడు. చైనాలో దొరికే బౌద్ధ గ్రంథాల అనువాదాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, అసలు సంస్కృత మూలాలే చూడాలి అని బయల్దేరాడు. నాలందాలో చదివాడు. అక్కడ ద్వారం దగ్గరే ప్రశ్నలు అడిగేవారట, పది మందిలో ఏడెనిమిది మంది అక్కణ్ణించే వెనక్కి వెళ్లేవారని ఆయనే రాశాడు. ఇప్పటి ఎంట్రన్స్ టెస్టులు నయం.

ఆ తర్వాత దక్షిణానికి దిగి, 639 ప్రాంతంలో మన వైపు వచ్చాడు. కళింగం నుంచి కోసలం, కోసలం నుంచి దక్షిణంగా ఆంధ్రదేశం. రాజధాని వేంగి. అంటే ఏలూరుకి ఉత్తరంగా పది పన్నెండు కిలోమీటర్లలో ఉన్న ఇప్పటి పెదవేగి. అక్కణ్ణించి ధాన్యకటకం, మన అమరావతి ప్రాంతం. అక్కడ సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు ఉండి మహాసాంఘికుల అభిధర్మం నేర్చుకున్నాడు. వాళ్లకి తను మహాయాన శాస్త్రాలు చెప్పాడు. ఈ సంగతి ఆయన జీవితచరిత్రలో ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం అంటే అదీ.

645లో చైనా తిరిగి వెళ్లాక, చక్రవర్తి అడిగితే, 646కల్లా చూసిన దేశాలన్నిటి మీదా పుస్తకం తయారుచేశాడు. అడిగింది చక్రవర్తి కాబట్టి అందులో ఒక పద్ధతి ఉంటుంది. ప్రతి దేశానికీ దాదాపు ఒకటే ఫార్మాట్: ముందు దేశం నుంచి ఏ దిక్కుకి ఎన్ని “లీ”లు నడవాలి, దేశం చుట్టుకొలత ఎంత, రాజధాని చుట్టుకొలత ఎంత, నేల ఎలాంటిది, మనుషులు ఎలాంటివాళ్లు, భాష ఏంటి, విహారాలు ఎన్ని. ఆంధ్రదేశం చుట్టుకొలత 3000 లీలు, వేంగి చుట్టుకొలత 20 లీలు, ఇరవై పైచిలుకు విహారాలు, 3000 మంది భిక్షువులు అని రాశాడు. మన భాష మధ్యదేశం భాషకంటే వేరు, లిపి మాత్రం చాలావరకు అలాగే ఉంది అని కూడా గమనించాడు.

ఇప్పుడు మన కొండ సంగతి. ఆయన చెప్పిన దారి ఇది. వేంగి నగరానికి దగ్గరలోనే ఒక పెద్ద విహారం ఉంది, దాని ముందు ఒక రాతి స్తూపం ఉంది, కట్టించింది అచలుడనే అర్హతుడు. ఆ విహారానికి నైరుతిగా సుమారు 20 లీల దూరంలో ఒంటరిగా ఒక కొండ, కొండ మీద రాతి స్తూపం. దిఙ్నాగుడు తర్కశాస్త్ర గ్రంథం రాసింది అక్కడ.

వినడానికి స్పష్టంగానే ఉంది కదా? దిక్కు ఉంది, దూరం ఉంది, గుర్తు ఉంది. కానీ ఒకసారి నడవడానికి ప్రయత్నించండి.

మొదటి చిక్కు, లీ అంటే ఎంత? టాంగ్ కాలపు లీ సుమారు అర కిలోమీటరు అనుకుంటే 20 లీలు 10 కిలోమీటర్లు. పంతొమ్మిదో శతాబ్దంలో ఇదే పుస్తకం పట్టుకుని దేశమంతా తిరిగిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మైలుకి దాదాపు ఆరు లీలు అని లెక్క వేసుకున్నాడు. రోడ్డు వంకరలు, మ్యాప్ మీద దూరాలు సరిచూసుకుని వేసిన లెక్క అది. ఆ ప్రకారం 5 కిలోమీటర్ల పైచిలుకు. సరే, ఇది పెద్ద చిక్కు కాదు. రెండు లెక్కలూ పెట్టుకుని వెతకొచ్చు.

అసలు చిక్కు రెండోది. 20 లీలు కొలవాల్సింది వేంగి నుంచి కాదు, అచలుడి విహారం నుంచి. మరి ఆ విహారం ఎక్కడ? “నగరానికి దగ్గరలోనే”. అంతే. ఏ దిక్కో లేదు, ఎన్ని లీలో లేదు. ఇన్ని వేల లీలు లెక్కపెట్టి రాసిన మనిషి ఇక్కడ అంకె వెయ్యలేదు. ఆయన్ని తప్పు పట్టలేం లెండి. అంత పెద్ద విహారం, ఎవర్నడిగినా చూపిస్తారు అనుకుని ఉంటాడు. నేను “ఏలూరు నుంచి గుంటుపల్లి” అని వదిలేసినట్టే.

నాతోటి సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఒక్క మాటలో చెప్తాను. లింక్డ్ లిస్ట్‌లో మధ్యలో ఒక నోడ్ పోయింది. తర్వాతి నోడ్ అడ్రస్ ఎంత కరెక్టుగా ఉన్నా అక్కడికి చేరలేం.

ఇప్పుడు గుంటుపల్లిని ఈ దారిలో పెట్టి చూద్దాం. మా కొండ పెదవేగికి ఉత్తరంగా, తిన్నగా కొలిచినా 20 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. అది దిఙ్నాగుడి కొండ కావాలంటే, అచలుడి విహారం దానికి ఈశాన్యంగా ఇంకో ఐదు నుంచి పది కిలోమీటర్లు ఉండాలి. అంటే వేంగి నుంచి ఇంకా దూరం పోతుంది. దాన్ని “నగరానికి దగ్గరలోనే” అంటారా? నాకైతే కష్టమే అనిపిస్తోంది. పైగా గుంటుపల్లిలో దొరికిన శాసనాల్లో నేను చదివినంతవరకు అచలుడూ లేడు, దిఙ్నాగుడూ లేడు. ఆ శాసనాలకి వేరే గొప్ప ఉంది. మహామేఘవాహన వంశపు రాజు సిరి సద దగ్గర పనిచేసిన లేఖకుడు ఇక్కడ మండపం కట్టించాడు. అది దిఙ్నాగుడికి కొన్ని వందల ఏళ్ల ముందు మాట. మన కొండకి సొంత కథ ఉంది, అరువు తెచ్చుకోనక్కర్లేదు.

“ఇంత పాత దారి పట్టుకుని ఎవరైనా ఎక్కడికైనా చేరారా?” అని మీకు అనుమానం రావచ్చు. చేరారండి. హుయాన్‌త్సాంగ్ పుస్తకం 1857-58లో ఫ్రెంచిలోకి వచ్చింది. 1861లో ఆర్కియాలజికల్ సర్వేయర్‌గా చేరిన కన్నింగ్‌హామ్, ఇలాంటి చైనా యాత్రికుల లెక్కల సాయంతోనే బీహార్‌లో బడ్‌గావ్ దగ్గర దిబ్బలు నాలందావని తేల్చాడు. అక్కడ ఎందుకు కుదిరింది, ఇక్కడ ఎందుకు కుదరలేదు? అక్కడ కొలవడం మొదలుపెట్టే చోటు ఇంకా కదలకుండా ఉంది. రాజగిరి కొండలు, వేడినీటి బుగ్గలు ఎక్కడికీ పోలేదు. తర్వాత తవ్వకాల్లో నాలందా మహావిహారం పేరున్న ముద్రలే దొరికాయి. స్థలం తన పేరు తనే చెప్పుకుంది. మన వేంగి దగ్గర అచలుడి విహారం ఇంకా ఆ మాట చెప్పలేదు. రేపు పెదవేగి చుట్టుపక్కల ఏ పొలంలోనో ఒక్క శాసనం ముక్క దొరికితే కథ మారిపోవచ్చు. అప్పటిదాకా ఆగాలి.

దారి చెప్పడం అంటే ఎలా ఉండాలో చూడాలంటే ఇత్సింగ్‌ని చదవాలి. హుయాన్‌త్సాంగ్ తర్వాత తరం వాడు. 671లో గ్వాంగ్‌జౌలో ఓడెక్కాడు. ఇరవై రోజుల లోపే సుమత్రాలోని శ్రీవిజయం చేరాడు, అక్కడ ఆరు నెలలు ఆగి సంస్కృత వ్యాకరణం నేర్చుకున్నాడు. తర్వాత మలయు, కెడా, నికోబార్ దీవులు, 673కి బెంగాల్ తీరంలో తామ్రలిప్తి. అక్కణ్ణించి నాలందాకి వెళ్లేటప్పుడు జబ్బు చేసి గుంపు నుంచి వెనకబడ్డాడు, దొంగలు ఒంటి మీద బట్టలు కూడా దోచుకున్నారు. తెల్లటి ఒంటివాళ్లని బలిస్తారని ఎవరో చెప్తే ఒళ్లంతా బురద పూసుకుని, ఆకులు కప్పుకుని నడిచాడు. ఇదంతా దాచకుండా రాశాడు. ఎక్కడ ఎన్ని రోజులు పడుతుంది, ఎక్కడ ఆగాలి అన్నీ చెప్పాడు. ఇండియాకి చదువుకోడానికి వెళ్లే చైనా భిక్షువులు ముందు శ్రీవిజయంలో ఒకటి రెండేళ్లు ఉండి పద్ధతులు నేర్చుకుని వెళ్తే మంచిదని సలహా ఇచ్చాడు. 692లో తను ఇంకా శ్రీవిజయంలో ఉండగానే ఈ రాతలు చైనాకి పంపించేశాడు. తన వెనక వచ్చేవాళ్లకి ఊరు కొత్త, భాష కొత్త అన్న సంగతి ఆయన మర్చిపోలేదు. నేను మర్చిపోయింది అదే.

ఇంకో సంగతి చెప్పాలి. హుయాన్‌త్సాంగ్ తిరిగెళ్లాక, 649లో దిఙ్నాగుడి తర్కగ్రంథం ఒకటి చైనీస్‌లోకి అనువదించాడు. అక్కణ్ణించి ఆ విద్య జపాన్ వెళ్లింది. మా ఊరికి వచ్చిన ఆ విద్యార్థి చదువుతున్నది ఆ పరంపరే. మా వైపు ఎక్కడో ఒక కొండ మీద పుట్టిన పుస్తకం దారి తప్పకుండా అంత దూరం వెళ్లింది, అది పుట్టిన చోటు వెతుక్కుంటూ వచ్చిన మనిషిని మాత్రం నేను వ్యాగన్ వర్క్‌షాప్‌కి పంపించాను. సాయంత్రం కామవరపుకోట బస్టాండ్‌లో టీ తాగుతూ సారీ చెప్తే, ఆయన నవ్వి, “కొండ బాగుంది, ఆ ఒక్క వాక్యమే మార్చండి” అన్నారు.

మార్చాను. పాత వీడియోలో ఆ ముక్క తీసేశాను. దారి కూడా సరిగ్గా రాశాను. ఇక్కడా చెప్తాను, రాసుకోండి.

విమానంలో వస్తే గన్నవరం, రైల్లో వస్తే ఏలూరు. ఏలూరు నుంచి బస్సులో కామవరపుకోట, గంట దాటుతుంది. అక్కణ్ణించి ఆటో మాట్లాడుకోండి. “గుంటుపల్లి” అని మాత్రమే అనకండి, “జీలకర్రగూడెం గుహలు” అనండి. ఫోన్‌లో కూడా జీలకర్రగూడెం అనే కొట్టండి. తిరుగు ప్రయాణానికి కూడా ఆ ఆటోనే ఉండమనండి, అక్కడ వేరేది దొరుకుతుందన్న నమ్మకం లేదు. మంచినీళ్లు వెంట ఉంచుకోండి, మెట్లు ఎక్కాలి. ఎండాకాలమైతే పొద్దున్నే వెళ్లండి. గుండ్రటి గుహలో ఉన్న స్తూపాన్ని ఊళ్లోవాళ్లు శివుడిగా కొలుస్తారు, అది గుర్తుపెట్టుకుని నడుచుకోండి.

పైకెళ్లాక ఎవరైనా మీతో “దిఙ్నాగుడు ఇక్కడే రాశాడు” అంటే, పోట్లాడకండి. “వేంగి దగ్గరలో అచలుడి విహారం ఎక్కడుందండీ?” అని ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లకి తెలిస్తే దయచేసి నాకు వెంటనే ఫోన్ చెయ్యమనండి.

ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో పెదవేగి వెళ్దాం.