తోమాలా, వద్దా? వెండి డాలర్ల రంగుల గొడవ

శ్రావణమాసంలో ఇంటికెళ్ళినప్పుడు, వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు అమ్మ వెండి సామానంతా ముందేసుకుని కూర్చుంది. కుంకుమ భరిణెలు, దీపపు కుందులు, వాటి పక్కనే ఓ చిన్న గుడ్డమూట. అందులో మా తాతమ్మవి పదకొండు వెండి రూపాయలు, ఐదో జార్జి బొమ్మవి. నేను చూసేసరికే పదింటిని విబూది పెట్టి తోమేసింది, తళతళలాడిపోతున్నాయి. పదకొండోది మూట మడతలో ఇరుక్కుని తప్పించుకుంది. తీసి చూస్తే అంచు చుట్టూ ముదురు నీలం, కాస్త లోపలికి ఊదా, మధ్యలో తేనె రంగు. "ఇదొక్కటీ పాడైపోయిందిరా, పళ్ళపొడి వేసి తోమితే పోతుందేమో" అంది అమ్మ. "అమ్మా, ఆగు!" అని నేనరిచిన అరుపుకి నాన్న పేపరు పక్కన పడేసి పరిగెత్తుకొచ్చారు.

నాకు మతి పోలేదని చెప్పడానికి ఓ పాత గొడవ గురించి చెప్పాలి. అమెరికాలో పాత వెండి డాలర్లు సేకరించేవాళ్ళలో రెండు పార్టీలున్నాయి. ఒక పార్టీకి నాణెం టంకశాలలోంచి ఇప్పుడే వచ్చినట్టు తెల్లగా ఉండాలి. రెండో పార్టీ ఇంద్రధనుస్సు రంగులెక్కిన నాణేనికి మామూలు ధర మీద ఎన్నో రెట్లు పోస్తుంది. ఆ రంగుని వాళ్ళు 'టోనింగ్' అంటారు, వీళ్ళు 'తుప్పు' అంటారు. మన ఆఫీసుల్లో ట్యాబులా స్పేసులా అని కొట్టుకుంటారు చూశారూ, ఆ లెవెల్లో కొట్టుకుంటారు. కాకపోతే అక్కడ డబ్బులు ఎక్కువ.

ముందు ఆ రంగు సంగతి. వెండికి గాల్లో, కాగితంలో, గుడ్డలో ఉండే గంధకం తగిలితే పైన సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ఆ పొరకి సొంతంగా ఎరుపూ నీలం ఏమీ లేవు. పొర పైనుంచి తిరిగొచ్చే వెలుగూ, కింద వెండి మీంచి తిరిగొచ్చే వెలుగూ కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మిగిలిన రంగు మన కంటికి కనిపిస్తుంది. వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క చూపించే రంగులు కూడా ఇవే. పొర మందం పెరిగే కొద్దీ ముందు లేత బంగారు రంగు, తర్వాత ఎర్రటి ఊదా, తర్వాత నీలం, మళ్ళీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ, చివరికి నలుపు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక చరిత్ర. 1878లో అమెరికాలో బ్లాండ్-ఆలిసన్ చట్టం వచ్చింది. ప్రభుత్వం నెలనెలా 20 లక్షల నుంచి 40 లక్షల డాలర్ల వెండి కొని డాలర్లు పోయాలని దాని సారాంశం. వెండి గనుల వాళ్ళ ఒత్తిడి కూడా ఉన్న చట్టం అది. 26.73 గ్రాముల బరువున్న ఆ మోర్గాన్ డాలరుని జేబులో వేసుకు తిరగడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది. దాంతో నాణేల్ని వెయ్యేసి చొప్పున గోనెలాంటి దళసరి గుడ్డ సంచుల్లో కట్టి ఖజానాల్లో పడేశారు. 1904 దాకా పోశారు, 1921లో మళ్ళీ పోశారు. సంచులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

సంచి మధ్యలో ఉన్న నాణేలకి గాలీ తగల్లేదు, గుడ్డా తగల్లేదు. అవి తెల్లగానే ఉన్నాయి. గుడ్డకి ఆనుకున్న కాసిని నాణేలకి మాత్రం ఆ గుడ్డలో గంధకం ఏళ్ళ తరబడి తగిలింది. రంగు నాణేల్లో కొన్నిటి మీద ఆ నేత అచ్చు పడి ఉంటుంది. పక్క నాణెం సగం కప్పేస్తే, కప్పిన మేర తెల్లగా, మిగతాది నెలవంక ఆకారంలో రంగులు. ఎవరూ వెయ్యని బొమ్మ అది, దాన్ని గీసింది ఓ సంచి.

ఇక్కడ మన దేశం కథలోకొస్తుంది. నన్ను ఈ గొడవలోకి లాగింది నిజానికి ఈ ముక్కే. మొదటి ప్రపంచ యుద్ధంలో మన దగ్గర జనానికి కాగితం నోట్ల మీద నమ్మకం పోయింది. నోటిచ్చి వెండి రూపాయి ఇమ్మని ఎగబడ్డారు. రూపాయలు పోయడానికి బ్రిటిష్ వాళ్ళ దగ్గర వెండి లేదు. అమెరికా 1918 ఏప్రిల్లో పిట్‌మన్ చట్టం చేసి, ఖజానాలో మూలుగుతున్న డాలర్లని కరిగించి అమ్మింది. మొత్తం 27 కోట్ల డాలర్లు కరిగిపోయాయి, అందులో దాదాపు 25 కోట్ల 90 లక్షల డాలర్ల వెండి ఇండియా కోసం వెళ్ళింది. ఆ ఒక్క 1918లోనే బొంబాయి, కలకత్తా టంకశాలలు కలిపి 40 కోట్లకు పైగా రూపాయలు పోశాయి. లెక్కేసి చూశాను. ఒక డాలర్లో వెండి 24 గ్రాములు, మన రూపాయిలో 10.7 గ్రాములు. అంటే ఒక డాలరుకి రెండుంపావు రూపాయలు. అమ్మ తోమిన పదింట్లో నాలుగు 1918వి, పదకొండోది కూడా అదే ఏడాదిది. వాటిల్లో మోర్గాన్ డాలరు వెండి ఉండొచ్చు. ఉందని రుజువు చెయ్యలేం, కరిగిన వెండికి పుట్టుమచ్చలుండవు కదా.

మిగిలిన సంచుల జాతకం 1962 చివర్లో తిరిగింది. క్రిస్మస్ బహుమతుల కోసం వెండి డాలర్లు కావాలని బ్యాంకులు అడిగితే, ఖజానా వాళ్ళు లోపలెక్కడో ఉన్న పాత సంచులు బయటికి లాగారు. అందులో న్యూ ఆర్లియన్స్‌లో పోసిన 1903 డాలర్లు బయటపడ్డాయి. అప్పటి దాకా కేటలాగులో కొత్తది ఒక్కోటి 1500 డాలర్లున్న నాణెం ఒక్క ఏడాదిలో 30 డాలర్లకు పడిపోయింది. ఇంకేముంది, వాషింగ్టన్‌లో ఖజానా ముందు జనం క్యూ కట్టారు. 1964 మార్చిలో తలుపులు మూసేసేసరికి లోపల మిగిలినవి 30 లక్షల లోపే.

అలా చేతికొచ్చిన సంచుల్ని విప్పినవాళ్ళు రంగు నాణేల్ని ఏం చేసుంటారు? ఆ రోజుల్లో వ్యాపారంలో మంత్రం 'బ్రిలియంట్ అన్‌సర్క్యులేటెడ్'. అంటే మెరవాలి, తెల్లగా ఉండాలి. రంగెక్కినది పాడైన సరుకు. చవగ్గా పోయేది, లేదా 'డిప్' అయ్యేది. ఆమ్లంలో థయోయూరియా కలిపిన ద్రవం ఒకటి దొరుకుతుంది. అందులో నాణేన్ని ముంచి తీసి కడిగితే కొన్ని సెకన్లలో సల్ఫైడ్ పొర మాయం. మా అమ్మ విబూదికి అది అమెరికన్ కజిన్ అనుకోండి. విబూది గీతలు పెడుతుంది, డిప్ గీతలు పెట్టదు. కానీ ముంచిన ప్రతిసారీ పై పొరలో కాస్త వెండిని కూడా తీసుకుపోతుంది. కొత్త నాణేన్ని దీపం కింద తిప్పితే బండిచక్రం ఆకుల్లా తిరిగే ఓ మెరుపుంటుంది, అచ్చు గుద్దినప్పుడు లోహం పారిన సన్నటి గాళ్ళ వల్ల వచ్చేది. నాలుగైదు ముంచుళ్ళకి ఆ గాళ్ళు అరిగి, నాణెం తెల్లగానే ఉంటుంది కానీ ప్రాణం లేనట్టుంటుంది.

శుభ్రం పిచ్చి 1960లతో మొదలవలేదు. జాన్ శాన్‌ఫర్డ్ సాల్టస్ అని న్యూయార్కు ధనవంతుడు, పెద్ద సేకర్త. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ ఇచ్చే ఓ పతకానికి ఈయన పేరే. 1922లో లండన్ హోటల్ గదిలో చనిపోయాడు. నాణేలు శుభ్రం చెయ్యడానికి పొటాషియం సైనైడ్ తెచ్చుకుని, పక్కనే జింజర్ ఏల్ పెట్టుకుని, ఒకటనుకుని ఇంకోటి తాగేశాడని విచారణలో తేల్చారు. సైనైడ్‌తో నాణేలు కడగడం అప్పట్లో చాలామందికి మామూలు పనే. మనవాళ్ళు కుంకుడుకాయలతో సరిపెట్టుకున్నారు, నయం.

సరే, గాలి ఎప్పుడు మళ్ళింది? 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్జీసీ అనే రెండు సంస్థలు మొదలయ్యాయి. నాణెం పరిశీలించి, 70లో ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తాయి. మార్కులు ఎవరో వేసేశాక, ఒకే మార్కున్న వంద తెల్ల నాణేల్లో ఒకదాన్ని ఇంకోదాన్నుంచి వేరు చేసేదేముంది? నా ఉద్దేశంలో అప్పుడే కళ్ళు రంగుల మీద పడ్డాయి. ఒకే మార్కున్నా చూడ్డానికి బావుంటే ఎన్జీసీ వాళ్ళు పక్కన నక్షత్రం కూడా పెడతారు. 2013లో ఎరిక్ న్యూమన్ సేకరణని హెరిటేజ్ వాళ్ళు వేలం వేశారు. ఆయన తన నాణేల్ని దశాబ్దాల పాటు కాగితం కవర్లలో ఉంచాడు. ఆ కాగితం వాటికి రకరకాల రంగులు పట్టించింది. అందులో 1796 నాటి పావు డాలరు 15 లక్షల డాలర్లు దాటింది. రంగు వల్లే అంత పలికిందనను, అది ఎలాగూ అరుదైనదే. కానీ యాభై ఏళ్ళ ముందైతే దాన్ని 'శుభ్రం చేయించి' కొందామనేవాళ్ళు కచ్చితంగా ఉండేవాళ్ళు.

ఇప్పుడు తమాషా చూడండి. రంగు నాణేలు ఇంత అరుదెందుకయ్యాయి? సంచిలో గుడ్డకి తగిలేవి ఎలాగూ కాసినే, ఆ కాసినిలో చాలావాటిని నిన్నటి తరం డిప్పులో ముంచేసింది. కాబట్టి ఈ రోజు రంగుకి పలికే ధరలో తెల్ల పార్టీ వాటా కూడా ఉంది! ఇప్పుడు నాణెం తిరగబడింది. రంగుకి ధర ఉందని తెలియగానే శుభ్రమైన తెల్ల నాణేల్ని ఓవెన్లో పెట్టేవాళ్ళు, ఉడికిన గుడ్డుతో కలిపి డబ్బాలో మూసేవాళ్ళు, గంధకం మందులు రాసేవాళ్ళు తయారయ్యారు. ఇవీ చెడిపోతున్న నాణేలే.

దొంగ రంగుని పట్టుకోవడానికే ఇందాకటి వరస. నెమ్మదిగా పెరిగిన పొర అయితే రంగులు ఒకదాంట్లోంచి ఒకటి క్రమంగా మారతాయి, అక్షరాల అంచుల దగ్గర వెనక్కి తగ్గుతాయి. తొందరగా వండినదాంట్లో నీలం పక్కన ఉన్నట్టుండి బంగారం, అక్షరాల మీదుగా పూసినట్టు మరకలు. ఇవన్నీ సూచనలే, రుజువులు కావు. సంచిలో పుట్టినా గుడ్డు పక్కన పుట్టినా అది సిల్వర్ సల్ఫైడే. అందుకే పీసీజీఎస్ వాళ్ళు నమ్మకం లేనిదాన్ని 'దొంగ రంగు' అనరు, 'ప్రశ్నార్థకమైన రంగు' అని మాత్రమే అంటారు. బజార్లో ఇంకో మాట ఉంది, 'మార్కెట్ యాక్సెప్టబుల్'. అంటే ఎలా వచ్చిందో మాకు తెలీదు, ఉంటే ఉండనీ అని. బగ్ దొరక్కపోతే 'ఎక్స్‌పెక్టెడ్ బిహేవియర్' అని టికెట్ మూసేస్తాం చూడండి, అదే.

తెల్ల పార్టీ వాదన నేను కొట్టిపారెయ్యను. ఆ రంగు వెండిని తినే పుట్టింది, దళసరి రంగు కింద గీతలు దాచడం కూడా తేలికే. కానీ వాళ్ళు 'అసలైనది' అనుకునే ప్రతి తెల్ల నాణెమూ సంచి మధ్యలోంచి వచ్చిందన్న గ్యారంటీ లేదు. చాలావాటికి డిప్పు స్నానం జరిగే ఉంటుంది. రెండు పార్టీలూ 'ఒరిజినల్' అనే ఒకే మాట మీద ప్రమాణం చేస్తాయి. ఏ పార్టీ అని నన్నడిగితే, రంగుని కొనను, ఉన్న రంగుని తియ్యను. తెల్లదాన్ని ఎప్పుడైనా రంగెక్కించొచ్చు. తీసేసిన పాత రంగుని మళ్ళీ తెచ్చుకునే దారి లేదు.

అమ్మకి ఇంత చెప్పలేదు. చెప్తే పప్పు మాడిపోతుంది. "వ్రతానికి పది చాలులే, ఇది నాకియ్యి" అన్నాను. "నల్ల రూపాయి ఏం చేసుకుంటావు?" అంటూనే ఇచ్చింది. ఊరొచ్చాక భూతద్దంతో చూశాను. వెనకవైపు అడుగున తామరపువ్వు కింద చిన్న చుక్క ఉంది, అంటే బొంబాయిది. నీలం అంచు మీద గుడ్డ పోగుల గుర్తులు కూడా ఉన్నట్టే అనిపిస్తోంది, చూడాలనుకుని చూస్తున్నానేమో మరి. తాతమ్మ చీర చెంగు ముక్క అయ్యుంటుంది ఆ మూట. పోయిన ఆదివారం ఫోన్లో అమ్మ, "ఆ పాడైపోయిన రూపాయి ఉందా? మీ పిన్ని ఏదో కొత్త పాలిషు చెప్పిందిరా" అంది.